రెండుసార్లు మోగిన పెట్టె

జనరల్ బజార్‌లో వెంకటేశ్వర్లు చీరల కొట్టు. ఆ కొట్టులో మెట్ల కింద శ్యామలమ్మ పీకో మిషన్ ఉండేది. పెళ్లయిన కొత్తలో వచ్చి కూర్చున్న మనిషి, జుట్టు నెరిసేదాకా అక్కడే చీరలకు ఫాల్స్ కుట్టింది. ఆమెకు చిన్నప్పటినుంచీ అరచేతులు చెమట పడతాయి. పట్టు మీద తడి మరక పడితే చీర పాడైనట్టే. అందుకని పక్కనే పౌడరు డబ్బా పెట్టుకుని, చేతులకు రాసుకున్నాకే బట్ట ముట్టేది.

ఆ ఏడు పెళ్లిళ్ల సీజన్‌లో పట్టుచీరలు మాయమవడం మొదలైంది. కెమెరాల్లో ఏమీ దొరకలేదు. పోలీసుల దాకా వెళితే కొట్టు పేరు పోతుందని, వెంకటేశ్వర్లు అబద్ధాలు పట్టే పెట్టె ఉన్న మనిషినొకణ్ణి పిలిపించాడు. వేళ్లకు తీగలు తగిలించి ప్రశ్నలు అడుగుతాడు. గుండె దడనీ చేతి తడినీ చూసి పెట్టె మోగుతుంది. నూటికి తొంభైసార్లు తప్పు పోదని ఆ మనిషి చెప్పాడు.

కొట్టులో ముప్పై మంది. పెట్టె నలుగురికి మోగింది. వాళ్లలో శ్యామలమ్మ ఒకతె.

వెంకటేశ్వర్లు కూతురు సింధూర డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి శ్యామలమ్మ పక్కన కూర్చుని గుడ్డముక్కలతో ఆడుకున్న పిల్ల. విషయం తెలిసి తండ్రి దగ్గరికి పరుగెత్తింది.

"నాన్నా, దొంగ ఒక్కడే అనుకుందాం. మిగతా ఇరవై తొమ్మిది మందీ మంచివాళ్లే. నూటికి పదిసార్లు తప్పుతుందంటే, వాళ్లలోనే ముగ్గురికి ఊరికే మోగుతుంది. దొంగతో కలిపితే నలుగురు. అంటే ఈ నలుగురిలో ముగ్గురు ఏ పాపం ఎరగనివాళ్లు."

వెంకటేశ్వర్లు లెక్క తెలిసిన మనిషి, చప్పున అందుకున్నాడు. "అంటే దొంగ ఈ నలుగురిలోనే ఉన్నాడంటావు."

"దాదాపు అంతే."

"అయితే నలుగురినీ పంపేస్తే సరి."

"ముగ్గురి ఉసురు పోసుకుంటావా?"

"మరేం చేయమంటావో నువ్వే చెప్పు."

సింధూర ఆలోచించింది. "వాళ్లకి మళ్లీ పెట్టించు. మంచివాళ్లకు ఒకసారి మోగడం పదింట ఒకటి. రెండోసారి కూడా మోగడం, పదిని పదితో గుణిస్తే, నూటికి ఒకటి. అప్పుడు నిజం తేలుతుంది."

మర్నాడు నలుగురినీ అందరి ముందూ కూర్చోబెట్టారు. ముగ్గురికి పెట్టె మోగలేదు. శ్యామలమ్మ వంతు వచ్చింది.

"జెర పౌడర్ రాసుకుంట సేటూ" అంది.

"చేతులకు ఏమీ పూయకూడదు" అన్నాడు పెట్టె మనిషి.

ఎవరో కిసుక్కున నవ్వారు. తీగలు తగిలించగానే పెట్టె మోగింది. మొదటిసారికన్నా గట్టిగా మోగింది. వెంకటేశ్వర్లు కూతురి వైపు చూశాడు. "ఇప్పుడేమంటావమ్మా?"

శ్యామలమ్మ కూడా ఆ పిల్ల వైపే చూసింది. సింధూర తల దించుకుంది. నూటికి ఒకటి. తన లెక్కే. శ్యామలమ్మే తీసిందని ఆమె మనసు అప్పటికే ఒప్పుకుంది.

సంచీ బోర్లించారు. టిఫిన్ డబ్బా మూత తీసి అన్నం కెలికి చూశారు. ఏమీ దొరకలేదు. అయినా, మళ్లీ కొట్టు మెట్లు ఎక్కొద్దన్నారు.

ఆమె ఇల్లు చేరేలోపే మాట బజారంతా పాకింది. ఏ కొట్టులోనూ పని దొరకలేదు. భర్త తుకారాం మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డ బస్తాలు మోస్తాడు. ఆయనకూ అక్కడే చెప్పారు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అడిగాడు.

"తీసినవా?"

"నువ్వు సుత గట్లనే అడుగుతవా?"

"రెండుసార్లు మోగిందంట కదనే."

శ్యామలమ్మ కంచం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

కొన్ని వారాల తరవాత, కాలేజీలో పాఠం చెబుతూ లెక్చరర్ జ్ఞానశేఖర్ ఒక మాటన్నాడు. "ఒకదానికొకటి సంబంధం లేనప్పుడే అవకాశాలను గుణించాలి. తక్కెడ కింద చింతపండు అంటించి ఉంటే, పదిసార్లు తూచినా పదిసార్లూ అదే తప్పు. పది సాక్ష్యాలు కావవి, ఒకటే."

సింధూరకు మెట్ల కింది పౌడరు డబ్బా గుర్తొచ్చింది. మొదటిసారి తడిసిన చేతులే రెండోసారీ తడిశాయి. నూటికి ఒకటి అనడమే తప్పు.

సాయంత్రం తండ్రికి చెప్పింది. ఆయన పూర్తిగా విన్నాడు.

"సరే, లెక్క తప్పింది. ఇప్పుడు ఆమెను పిలిస్తే దొంగ ఇక్కడే ఉన్నాడని అందరికీ చెప్పినట్టు. ఆమె పోయాక ఒక్క చీర కూడా పోలేదు."

"పెట్టెకు భయపడి దొంగే మానేశాడేమో నాన్నా."

"మానేశాడుగా. నాకు కావలసింది అదే."

సింధూర మౌలాలిలో శ్యామలమ్మ ఇంటికి వెళ్లింది. శ్యామలమ్మ గుమ్మంలో కూర్చుని, పక్కింటావిడ చీరకు ఫాల్ కుడుతోంది. పక్కింటావిడ ఎదురుగానే కూర్చుంది. చీర ఇచ్చి వెళ్లిపోవడం ఈమధ్య ఎవరూ చేయడంలేదు. తుకారాం లోపల పడుకుని ఉన్నాడు. సింధూర నిలబడే అంతా చెప్పింది, చింతపండు సంగతితో సహా.

"అంటే నేను తియ్యలేదని నీకు ఎరుకైంది."

"అవును శ్యామలమ్మా."

"గీ మాట మీ నాయన అందరి ముంగట చెప్తడా?"

సింధూర తల అడ్డంగా ఊపింది.

"నువ్వు చెప్తవా?"

సింధూర ఆమె చేతిలోని చీర వైపు చూసింది.

"మరి నాకెందుకు చెప్పుతున్నవ్ బిడ్డా? నేను తియ్యలేదని నాకు ముందే ఎరుక." శ్యామలమ్మ దారం కొరికింది. "జెర పక్కకు జరుగు. సూదికి వెలుగు ఆగుతున్నది."

ఆ పిల్ల వెళ్లిపోయాక తుకారాం లేచి బయటికొచ్చాడు. "సేటు బిడ్డ గింత దూరం వచ్చి చెప్పిందంటే, నువ్వు తియ్యలేదన్నది నిజమే గావొచ్చు" అన్నాడు.

"గావొచ్చు" అంది శ్యామలమ్మ. చీర మడిచి పక్కింటావిడకు ఇచ్చింది. ఆమె మడత విప్పి, అంచు పొడవునా చూసుకుని, తీసుకుపోయింది.