రామక్క చిలకకు చేయించిన పరీక్ష

నన్ను ఎవరైనా మంచివాడు అంటే అక్కడి నుంచి లేచి వెళ్లిపోతాను. ఇరవై ఏళ్లు కావస్తోంది. రాయదుర్గంలో రామక్క అనే ఆమె నా గురించి ఆ మాట వీధంతా చెప్పింది. ఆమె చెప్పేకొద్దీ నాలో బరువు పెరిగింది. నా భార్యకు కూడా అసలు సంగతి తెలియదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసేవాణ్ణి. గొర్రెలకు సూదులు వేయడం, ఎద్దుల పుండ్లు కడగడం నా పని. పిట్టల వైద్యం మాలో ఎవరికీ రాదు. రామక్క జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో దారాలు కత్తిరించే పనికి పోయేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. యూనిట్ యజమాని బెంగుళూరుకు మారిపోతూ తాను పెంచుకున్న చిలకను ఆమెకు ఇచ్చి వెళ్లాడు. అది మన పచ్చ చిలక కాదు. ఆఫ్రికా జాతిది. ఒళ్లంతా బూడిద రంగు, తోక మాత్రం ఎర్రన. కుట్టుమిషన్ల మధ్య పెరగడంతో మిషను చప్పుడు అచ్చంగా చేసేది. ఉన్నట్టుండి ఆపేసి, యజమాని గొంతుతో "దారం తెగింది చూడప్పా!" అని అరిచేది. రామక్క దాన్ని 'నాయనా' అని పిలిచేది.

ఒక ఎండాకాలం అది తిండి మానేసింది. ముక్కు కారుతోంది, రెట్ట పచ్చగా పడుతోంది. రామక్క పంజరం మీద తడిగుడ్డ కప్పి మా ఆసుపత్రికి తెచ్చింది. యజమానికి ఫోన్ చేస్తే బెంగుళూరులో పక్షులను చూసే డాక్టరు నంబరు ఇచ్చాడు. ఎస్టీడీ బూతులో నిలబడి నేను లక్షణాలు చెప్పాను. చిలకల నుంచి మనుషులకు అంటుకునే జబ్బొకటి ఉందని ఆ డాక్టరు అన్నాడు. పరీక్ష చేయనిదే చెప్పలేనన్నాడు. మూడు రోజుల రెట్ట సీసాలో పోగుచేసి, ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టి బస్సుకు పంపమన్నాడు. వేడి తగిలితే పనికిరాదని రెండుసార్లు చెప్పాడు. ఫలితం వచ్చేదాకా ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, పిట్టను మొహం దగ్గరికి రానివ్వకూడదు.

రామక్క మూడు రోజులు పనికి పోలేదు. పంజరంలో ప్లాస్టిక్ కాగితం పరిచి, పడిన రెట్టను పడినట్టే చెంచాతో తీసింది. నాలుగో రోజు పొద్దున ఫ్లాస్కు నా చేతిలో పెట్టింది.

పల్లెల్లో గొర్రెలు రోగంతో చస్తున్నాయి, ఆ హడావిడిలో మరిచిపోయాను అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ రోజు సూదులు వేయడం పదకొండుకే అయిపోయింది. గొర్రెల రైతు కోడి కోసి అన్నం పెట్టాడు. తిన్నాను. చెట్టు నీడన పడుకున్నాను. ఫ్లాస్కు మోటారు సైకిలు పెట్టెలో, ఎండలో ఉండిపోయింది. లేచేసరికి నాలుగు దాటింది. ఐసు కరిగి, నీళ్లు వెచ్చగా అయ్యాయి.

తప్పయిందక్కా, ఇంకో మూడు రోజులు తియ్యి అంటే సరిపోయేది. ఎందుకు అనలేకపోయాను? తిడుతుందనా? ఆమె తిట్టే మనిషి కాదు. నేను పనిమంతుణ్ణని ఆమె కళ్లలో కనిపించే నమ్మకం పోతుందని భయపడ్డాను. అంత చిన్న కారణమా? అంతే. ఎంత వెతికినా అంతకంటే పెద్ద కారణం దొరకలేదు.

బస్టాండు ఎదుట ఒక ఫోటో స్టూడియో ఉండేది. అక్కడ పంజరంలో లవ్ బర్డ్స్ హుషారుగా ఎగురుతూ ఉండేవి. సీసా కడిగి, వాటి రెట్ట గీకి అందులో వేశాను. కొత్త ఐసు పెట్టి బస్సు డ్రైవరుకు ఇచ్చాను. చెయ్యి వణకలేదు. వణికి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

వారానికి ల్యాబు ఫలితం ఫ్యాక్సులో వచ్చింది. జబ్బు లేదు. ఫోన్ చేస్తే బెంగుళూరు డాక్టరు కూడా ఆ కాగితాన్నే నమ్మాడు. అయితే లోపం తిండిలో ఉంది, పొద్దుతిరుగుడు గింజలే పెడితే ఇలాగే అవుతుంది, పళ్లు, ఆకుకూరలు పెట్టండి అన్నాడు. రామక్క అక్కడికక్కడే ముక్కు గుడ్డ విప్పేసి, చిలకను చెంపకు ఆనించుకుంది. గుడ్డ ఉండనీ అక్కా అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

పది రోజులకు చిలక చచ్చిపోయింది. ఇంకో రెండు వారాలకు రామక్కకు జ్వరం, దగ్గు, ఆయాసం. నేనే బళ్లారిలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. ఇంట్లో పక్షులున్నాయా అని డాక్టరు అడిగాడు. ఆమె దగ్గుతూనే, "ఉన్నింది సార్. పరీచ్చ చేయించినాం, ఏం రోగం లేదన్నారు" అంది. నా వైపు చెయ్యి చాపింది. ఫ్యాక్సు కాగితం నా సంచిలోనే ఉంది. తీసి ఇచ్చాను. ఆయన చదివి, పిట్ట జబ్బు కాదనుకుని వేరే మందులు రాశాడు.

ఆరు రోజులు ఆమె మంచం పక్కనే ఉన్నాను. గంజి తాగించాను. అసలు మాట మాత్రం చెప్పలేదు. సీసాలో రెట్ట మార్చడం ఒక్క సాయంత్రం పని. ఈ ఆరు రోజులను ఏమనాలి? తెల్లవారిన ప్రతిసారీ ఈరోజు చెప్తాను అనుకోవడం, డాక్టరు రాగానే గోడ వైపు చూడడం, తనంతట తానే తగ్గిపోతుందిలే అని ఆమె ప్రాణంతో నా పరువును కాపాడుకోవడం, దీనికి పేరేమిటి?

ఏడో రోజు ఆమె పెదాలు నీలమయ్యాయి. వరండాలో డాక్టరును ఆపి, ఆ పరీక్షను నమ్మొద్దు సార్, శాంపిలు ఎండకు పాడైపోయింది అన్నాను. సగం నిజం. ఆయన ఏమీ అడగకుండా మందు మార్చాడు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. పిట్ట నుంచి వచ్చిన జబ్బే అయ్యుంటుందని తర్వాత నాతో అన్నాడు. ఆ మాట ఆమెకు చేరనివ్వలేదు.

రామక్క బతికింది. ఊపిరి మాత్రం మునుపటిలా లేదు. యూనిట్‌లో గుడ్డ నూగుకు దగ్గు ఆగక పని మానేసి, ఇంట్లో పూలు కట్టి అమ్ముకుంది. ఒకరోజు చూడబోతే ఖాళీ పంజరం పక్కన కూర్చుని ఉంది.

"ఏమప్పా, నేను పెట్టిన గింజలే దాన్ని సంపినాయా?" అని అడిగింది.

"అట్లేం కాదులేక్కా."

"రోగం లేదని కాగితం వచ్చె గదా. రోగం లేనిది ఎట్ల సచ్చిపాయ? నా చేత్తోనే గదా పెడితి."

"దాని ఆయుస్సు అంతేక్కా."

"నువ్వు శానా తిరిగినావప్పా దాని కోసం. నన్ను గూడా బతికించుకొంటివి. సొంత తమ్ముడు గూడా ఇంత చెయ్యడు."

ఆమె ఇచ్చిన టీ తాగి వచ్చేశాను. ఆ తర్వాత అటువైపు పోవడం తగ్గించాను.

మొన్న రామక్క పోయింది. ముసలితనం. మట్టికి వెళ్లాను. ఆమె చెల్లెలి కూతురు నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. "మా పెద్దమ్మకు కడదాకా అదే దిగులన్నా. నాయన్ను నా చేత్తో సంపుకొంటి అంటాండె" అంది. నేను తల ఊపాను. ఆమెను మట్టిచేసిన రోజు కూడా నిజం చెప్పలేదు.

ఇక చెప్పుకోవడానికి ఆమె లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేది కాదు. ఒక్క సంగతి మాత్రం ఈ భూమ్మీద నాకు కాక ఇంకొకరికి తెలియాలి. రామక్క ఆ చిలకను చంపలేదు. ఆమె దాన్ని బాగా సాకింది. సీసాలో రెట్ట మార్చింది నేను.

ఇంత రాసి, కలం పక్కన పెట్టి కూర్చున్నాను. ఛాతీ కొంచెం తేలికైంది. అలా తేలికైనందుకు సిగ్గుగా ఉంది. అయినా తేలికైంది.