ఉప్పునీళ్ళ సీసా

మూత తీయగానే ముక్కు మండింది. ఫార్మలిన్! మాస్కు దాటుకుని వచ్చింది ఆ ఘాటు. సీసా మీది పేరు మా వదినది.

నేను పనిచేసేది క్షయ పరీక్షల ల్యాబులో. అందరూ కళ్ళె పరీక్షే అనుకుంటారు. నా బల్ల మీదికి వచ్చేవి వేరు: వెన్నునీరు, పొట్టనీరు, కీళ్ళ చీము, మెడ గడ్డల ముక్కలు. ముక్కను సన్నగా తరిగి, చిన్న కల్వంలో ఉప్పునీళ్ళు పోసి మెత్తగా నూరుతాను. మిగతా క్రిములు చచ్చే మందు కలిపి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి, అడుగున దిగినదాన్ని తీసి పెంచుతాం. క్షయ క్రిమి ప్రాణంతో ఉంటేనే పెరుగుతుంది. అందుకే ముక్క ఉప్పునీళ్ళలో, చల్లగా రావాలి. ఫార్మలిన్‌లో పడిందా, క్రిమి చస్తుంది, ఇక అంతే సంగతులు.

వదిన నెలల తరబడి మాత్రలు మింగింది. మెడలో గడ్డ తగ్గకపోగా పెరిగింది. ఆ క్రిమి ఏ మందుకు లొంగుతుందో తేలకపోతే డాక్టరు చీకట్లో రాయి విసరాల్సిందే. నేను ఆ సీసాను పక్కన పెట్టి, పనికిరాదని రాశాను. నా చేత్తోనే రాశాను.

సాయంత్రం కామాటిపురలో మేముండే చాల్, ఆ వరస గదుల పాత భవనం, మెట్లెక్కి అన్నను నిలదీశాను.

"అరే, నేనేం జేసిన? శనివారం మీ ల్యాబ్ బంద్. ఇంటికి తెస్తే అమ్మ రానిస్తదా? ఆస్పత్రిలనే ఉంచుమన్న. ఖరాబ్ గావద్దని కాంపౌండర్ ఏదో మందు పోసిండు. మంచిదే అనుకున్న!"

అమ్మ ఎందుకు రానివ్వదంటే, మాది ఒకటే ఖోలీ, ఉన్నదంతా ఆ ఒక్క గదే. దేవుళ్ళకు వేరే చోటు లేక పటాలన్నీ ఫ్రిజ్ మీదే. మనిషి మాంసం దేవుడి కింద పెడతారా అంటుంది. నాగ్‌పాడా నుంచి తెచ్చిన మటన్ మాత్రం అదే ఫ్రిజ్‌లో, అదే దేవుళ్ళ కింద హాయిగా ఉంటుంది. కడుపు మండదా నాకు!

గడ్డ తేలినప్పటి నుంచి వదిన గ్లాసు వేరు, పళ్ళెం వేరు, పడక గది బయట, అందరూ నడిచే గ్యాలరీలో. మెడలో గడ్డ ఊపిరితో అంటుకోదే అమ్మా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"నువ్వు ల్యాబ్ల చదివినవ్ బిడ్డా. నేను ఈ ఖోలీల చూసిన. నా తమ్ముడు ఈడనే దగ్గి దగ్గి పోయిండు," అంది.

వదిన మెడ మీది కుట్లు తడుముకుంటూ అడిగింది: "మల్ల కోస్తరా?"

తల ఊపాను.

"ఈసారి నువ్వే పట్టుకరా చెల్లె. ఇంకోసారి నాతోని గాదు."

రెండోసారీ శనివారమే, మా ల్యాబ్ బందే. సర్జన్ వచ్చేది ఆ రోజే మరి. మిగిలిన గడ్డంతా తీసేశారు. ఇది పాడైతే కోయడానికి ఇంకేమీ లేదు. ఆస్పత్రిలో ఫ్రిజ్ లేదు. సీసాను డబ్బాలో పెట్టి, చుట్టూ మంచు కూరి, ఫాక్‌లాండ్ రోడ్డు దాటి ఇంటికి వచ్చేసరికి డబ్బా అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కింటి ఫ్రిజ్ అడిగితే వదిన జబ్బేమిటో చాల్ మొత్తానికి తెలిసిపోతుంది. మా గుమ్మంలో అమ్మ. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అమ్మా, జరుగు."

"దేవుడున్నడు లోపల."

"మంచు కరుగుతుందే! ఇది పాడైతే వదిన ఏమైపోవాలి?"

అమ్మ నా వెనక్కి చూసింది. నా వెంటే ఆస్పత్రి నుంచి వచ్చిన వదిన, మెడకు కట్టుతో, గ్యాలరీ కటకటాలు పట్టుకుని, అన్న భుజానికి ఆనుకుని ఉంది. అమ్మ గుమ్మంలోంచి జరిగింది. లోపలికి వెళ్ళి, పటాలను ఒక్కొక్కటే కొంగుతో తుడిచి బియ్యం డబ్బా మీదికి మార్చింది. ఫ్రిజ్ తలుపు తెరిచి, పెరుగు గిన్నె కింది అరలోకి దించింది.

"పెట్టు."

ఏడుపొచ్చేసింది నాకు. మా అమ్మేనా! సీసా మూత బిగించి, తుడిచి, ఫ్రిజ్‌లో భద్రంగా పెట్టాను.

"దా వదినా, లోపలికి దా. కొంచెంసేపు పండుకో."

వదిన గడప దాకా వచ్చింది. అమ్మ ఫ్రిజ్ తలుపు వేసి, మూలనున్న చాప తీసి నా చేతిలో పెట్టింది.

"గ్యాలరీల ఎయ్యి," అంది.

నేను కదల్లేదు. గడప అవతల నుంచి వదినే చెయ్యి ముందుకు పెట్టి చాప అందుకుంది.