నూకాలత్తని ఇన్సేన్ తీసుకెళ్లిన రోజు

యాంగాన్ ఎందుకెళ్లావని అడిగినవాళ్లందరికీ పగోడాలు చూడ్డానికని చెప్పాను. అసలు కారణం మా మంగ పంపిన వాయిస్ మెసేజ్. “వదినా, మేం మలేషియా ఎలిపోతన్నాం. మళ్లీ ఒత్తామో రామో తెల్దు. మాయమ్మ నా మొకం సూసి తొమ్మిదేళ్లయిపోనాది. నువ్వొచ్చి అడిగితే కాదనదు. ఒక్కపాలి రా వదినా” అంటూ ఏడ్చింది. మంగ తల్లి నూకాలత్త మా నాన్నకి పెత్తల్లి కూతురు. యాంగాన్‌ని రంగూన్ అనే రోజుల్లో శ్రీకాకుళం తీరం నుంచి బియ్యం మిల్లుల పనికి వెళ్లిన మావాళ్లలో సగంమంది తిరిగొచ్చేశారు, వీళ్లు అక్కడే ఉండిపోయారు. మంగ యూసుఫ్ అనే ముస్లిం ఎలక్ట్రీషియన్‌ని పెళ్లి చేసుకున్న రోజు నుంచి అత్త ఇంటి తలుపు దానికి తెరుచుకోలేదు. నేను ఉద్యోగం చేసేది బ్యాంకాక్‌లో, విమానమెక్కితే గంటంబావు దూరం. ఇంత దగ్గరుండి వెళ్లకపోతే నేను మనిషినేనా అనిపించి ఇ-వీసాకి పెట్టుకున్నాను. తీరా సెలవు దొరికింది వాళ్ల ప్రయాణానికి సరిగ్గా ముందురోజు.

తోడుగా మా ఆఫీసులో పనిచేసే ఎలిఫ్ వచ్చింది. టర్కీ అమ్మాయి, అలెవీల ఇంటి పిల్ల. అలెవీలు అలీనీ హుస్సేన్‌నీ గుండెల్లో పెట్టుకుంటారు గానీ నమాజుకి మసీదుకి వెళ్లరట. ఆడా మగా ఒకే గదిలో గుండ్రంగా కూర్చుని, సాజ్ అనే పొడుగు మెడ తీగల వాద్యం వాయిస్తూ పాడటమే వాళ్ల ప్రార్థన. తన సాజ్‌ని కూడా సంచిలో వెంట తెచ్చుకుంది. హిందువులు కూడా పీర్లని ఎత్తుకుని నడిచే మన పీర్ల పండగ గురించి విమానంలో చెప్తే నోరు తెరుచుకుని వింది. “మా ఊళ్లో మేం ఫలానా అని పైకి చెప్పుకోం. రంజాన్ నెలలో మా అమ్మ తెల్లారకముందే లేచి వంటింట్లో లైటు వేసేది. మేమూ ఉపవాసమే అని పక్కింటివాళ్లు అనుకోవాలి కదా!” అంది నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పొద్దున్న విమానం దిగి టాక్సీలో ఊరి నడిబొడ్డునున్న చౌక్తడాకి చేరాం. పాత కోర్టు భవనాల వెనకున్న టీ కొట్టు దగ్గర మంగ తమ్ముడు రాజు మా కోసం కాసుకుని ఉన్నాడు. అక్కడే ఒక ఆఫీసులో గుమస్తా, అందరూ కో రాజు, అంటే రాజన్న, అంటారు. మొహింగా అని చేపల పులుసులో బియ్యపు సేమ్యా వేసిస్తారు, వేడివేడిగా బ్రహ్మాండంగా ఉంది. మా ఇద్దరి మొహింగా, ముగ్గురి టీలు కలిపి అక్కడి డబ్బులో పన్నెండు వేల చాట్లు అయింది. రాజు తినలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “వదినా, ఓ మాట. ఈ యక్క ముస్లిమని అమ్మ కాడ అనకు. కిరస్తానీ అని సెప్పెయ్. మా ఈదినిండా తెలుగు కిరస్తానీలే, ఆళ్లతోటి అమ్మకి గొడవ నేదు. మంగ ముచ్చట తేలేదాకా నువ్వేటీ కెలక్కు.” ఎలిఫ్‌కి చెప్తే భుజాలు ఎగరేసి, “నాకిది కొత్తేం కాదులే” అంది. ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది.

అక్కణ్ణుంచి అహ్లోన్‌కి టాక్సీ ఏడు వేలు. నది ఒడ్డున పాత మిల్లుల వెనక సందులో, రెండో అంతస్తులో అత్త ఇల్లు. కరెంటు లేదు, ఉక్కకి చొక్కాలు ఒంటికి అంటుకుపోతున్నాయి. “ఓలమ్మ, మా తమ్ముడి మొకమే! రాయే గుంటా” అని అత్త నన్ను వాటేసుకుంది. ఎలిఫ్‌ని చూసి ఇంకా మురిసిపోయింది. ఎంత వద్దన్నా ఊరుకోకుండా, చేపల పులుసు అన్నంలో ముళ్లు తీసి కలిపి తన చేత్తోనే ముద్దలు పెట్టింది. ఎలిఫ్ కళ్లమ్మట నీళ్లు. కారానికో ఇంకెందుకో తెలీదు. అదను చూసి నేను నోరు విప్పాను. “అత్తా, మంగ రేపు పొద్దున్నే వెళ్లిపోతోంది. ఒక్కసారి చూసొద్దాం పద.” అత్త చెయ్యి కంచం మీదే ఆగిపోయింది. “ఎల్తే ఎల్లనీ. గొడ్డు తినే కొంపలో నాను అడుగెట్టను. దాని చేతి మంచినీల్లు కూడా ముట్టను” అని మొహం తిప్పేసుకుంది. రాజు నేలచూపులు చూస్తున్నాడు. ఇంత పని పెట్టుకుని వచ్చి సాధించింది ఇదా!

మాట మార్చడానికన్నట్టు, ఎలిఫ్ గోడకి ఆనించిన సాజ్‌ని అత్త చూపించింది. “ఏటమ్మా అది? ఓ దేవుడి పాట పాడు, ఇందాం.” ఎలిఫ్ వాద్యం ఒళ్లోకి తీసుకుంది గానీ తీగ మీటలేదు. “మా పెద్దలు పాట మొదలుపెట్టే ముందు ఒకటి అడుగుతారు. ఇక్కడున్నవాళ్లకి ఎవరితోనైనా మనసు విరిగి ఉందా అని. ఉంటే ముందు ఆ ఇద్దరూ మధ్యలోకొచ్చి మాట్లాడుకోవాలి. అందరూ ఒప్పుకునేదాకా ప్రార్థన ఉండదు. నేను అడగకుండా పాడలేను” అంది. అది నేను తెలుగులో చెప్పాను. అత్త చురచురా చూసింది. “నాకెవులితోటీ తగువు నేదు. పాడమను.” ఎలిఫ్ మెల్లగా సాజ్ కింద పెట్టేసింది.

“ఏ మతమే ఈ పిల్లది?” అంది అత్త, నా వంక చూసి. రాజు కళ్లతో బతిమాలుతున్నాడు. కిరస్తానీ అన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. ఎలిఫ్‌కి ప్రశ్న అర్థమైపోయింది కాబోలు, నా చెయ్యి పట్టుకుని, “ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈవిడ చేతి అన్నం తిన్నాను, అబద్ధం ఆడను” అంది. చెప్పాను. ముస్లిం అనగానే అత్త, ఆ పిల్లకి ముద్దలు పెట్టిన తన కుడిచెయ్యి వంక చూసుకుంది. ఎలిఫ్ చెప్పుకుపోయింది, నేను వెనకాలే తెలుగు చేస్తూ పోయాను. “మా వీధిలో అలెవీల చేతి వంట తినకూడదనేవాళ్లు. మొహర్రం ఉపవాసాలు అయ్యాక మా అమ్మ పాయసం వండి ఇంటింటికీ పంపేది. మేం చెప్పుకోకపోయినా పక్కింటావిడకి తెలిసే ఉండాలి, నవ్వుతూ తీసుకునేది. ఒకరోజు ఆ పాయసం వాళ్ల చెత్తబుట్టలో చూశాను. మా అమ్మకి చెప్పలేదు. అమ్మ ఏటా వండుతూనే ఉంది.”

ఇక మమ్మల్ని మెడపట్టి గెంటేస్తుందనే అనుకున్నాను. అత్త రాజుతో అంది, “ఆళ్ల పండగనాడు మంగమ్మ పంపిన సేమియా ఏటి సేసినానో నీకు తెల్దేటి?” వాడు తలూపాడు. “కాకులకెట్టీసినాను” అని లోపలికెళ్లిపోయింది. మళ్లీ వచ్చేసరికి చీర మార్చుకుని ఉంది. “టాక్సీ పిలు. పొద్దుగూకితే దారులు మూసేత్తారు” అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అహ్లోన్ నుంచి మంగ ఉండే ఇన్సేన్‌కి యాప్ టాక్సీ పద్దెనిమిది వేలు. రాజు డ్యూటీకి వెళ్లాలని ఆగిపోయాడు, మేం ముగ్గురమే ఎక్కాం. సైనిక పాలన కదా, సగం దారి దాటాక చెక్‌పోస్టు తగిలింది. డ్రైవర్ కిటికీలన్నీ దించేసి, “ఫోన్లు బ్యాగుల్లో పెట్టెయ్యండి, నవ్వకండి” అన్నాడు. తుపాకీ తగిలించుకున్న కుర్రాడొకడు ఎలిఫ్ పాస్‌పోర్ట్ అటూ ఇటూ తిప్పాడు, సాజ్ సంచి విప్పించాడు. ముస్లిమా అని డ్రైవర్ని అడగడం నాకు కూడా అర్థమైంది. అత్త వెనకసీట్లోంచి ముందుకి వంగి బర్మీస్‌లో గట్టిగా ఏదో అంది. ఆ కుర్రాడు అత్తనీ ఎలిఫ్‌నీ మార్చి మార్చి చూసి, పాస్‌పోర్ట్ ఇచ్చేశాడు. ఏమన్నావత్తా అంటే, “నా కూతురన్నాను” అంది. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మంగ ఇల్లు రైల్వే వర్క్‌షాపుల వెనక వీధిలో. తలుపు తీసింది యూసుఫ్. అత్తని చూసి బిత్తరపోయి పక్కకి జరిగాడు. గదిలో రెండు పెట్టెలు, చుట్టేసిన చాప, గోడకి మేకులు. అంతే. మంగ లోపల్నుంచి వచ్చి అక్కడే కొయ్యబారిపోయింది. అత్త గుమ్మం ముందు చెప్పులు విప్పింది. తొమ్మిదేళ్ల తర్వాత కూతురి మొహం చూసి ఆవిడ అన్న మొదటి మాట, “ఏటొండినావే? ఆకలేత్తంది.”

మంగ చేతులతో మొహం కప్పుకుంది. “పొయ్యి పొద్దున్నే పక్కోళ్లకి ఇచ్చీసినామమ్మా. గిన్నెలు కూడా నేవు.” అత్త గచ్చు మీద కూలబడి, కూతుర్ని ఒళ్లోకి లాక్కుని, ఆ సందంతా వినపడేలా ఏడ్చింది. యూసుఫ్ పరుగున వెళ్లి కొట్టు నుంచి టీ, రొట్టెలు తెచ్చి అత్త ముందు పెట్టాడు. “నువ్వు తిన్నావేటి నాయనా?” అని అడిగి, ఆవిడ టీ తాగింది. చీకటి పడకముందే అహ్లోన్ చేరాలి కాబట్టి మేం అక్కడున్నది అరగంట. మర్నాటి విమానానికి వాళ్లు వెళ్లిపోయారు.

వెనక్కి వస్తున్నప్పుడు ఎలిఫ్‌తో, ఎన్ని మతాలవాళ్లున్నా ఈ ఊళ్లో ఒకరినొకరు సహించుకుంటున్నారు కదా అన్నాను. “మమ్మల్నీ సహిస్తున్నామనే అంటారు మా దేశంలో. సహించడానికి నేనేమన్నా పంటినొప్పినా?” అంది విసురుగా. పక్కింట్లో ఎవరున్నా మాకేం పట్టింపు లేదని చెప్పుకుంటాం, వాళ్ల పళ్లెం మన గుమ్మంలోకి వస్తే మాత్రం చెయ్యి వెనక్కి పోతుంది. అత్త చెయ్యీ అలాగే పోయింది. అది ముందుకి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది, వచ్చేసరికి ఆ ఇంట్లో వంట లేదు. అత్త గెలిచిందనీ అనలేను, ఓడిందనీ అనలేను. ఆవిడ ఏడుపు మాత్రం ఇంకా చెవుల్లో ఉంది.

యాంగాన్‌లో మీవాళ్లు ఎవరైనా ఉండి వెళ్తుంటే ఒకట్రెండు సలహాలు. నగరం చుట్టూ తిరిగే లోకల్ రైలు చాలా చౌక గానీ టైమ్ నమ్మలేం, టాక్సీయే మేలు. పగోడాలు ఎక్కడికీ పోవు. మనుషుల ఇంటికి ముందు వెళ్లండి, వాళ్ల పొయ్యి వెలుగుతుండగా వెళ్లండి.