సర్ గిల్బర్ట్ జెండాకు రెండు తోకలు

ఈ ప్రయాణం గురించి రాయక తప్పడం లేదు. క్రైస్ట్‌చర్చ్ తెలుగువాళ్ళలో ఇప్పటికే ఇది రకరకాలుగా తిరుగుతోంది. సుగుణాంటీ ఇంగ్లండు రాజు మీదికి కత్తెర ఎత్తిందని ఒకరంటారు, రాజే ఆవిడ కాళ్ళ మీద పడ్డాడని ఇంకొకరు. నేను అక్కడే ఉన్నాను, పైగా ఆ నాటకం రాసిందే నేను. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇన్వర్‌కార్గిల్ నుంచి అటు వెళ్ళేవాళ్ళకు దారి వివరాలు కూడా పనికొస్తాయి.

ముందు సర్ గిల్బర్ట్ డి ఆష్‌మియర్ ఎవరో చెప్పాలి. పధ్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు వీరుడు. నా కాలేజీ చదువు ఇంటర్‌తో ఆగింది. మిగతా చదువంతా వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగాక ఇన్వర్‌కార్గిల్ లైబ్రరీలో హీటరు పక్కన సాగుతోంది. అక్కడ నాలుగైదు పుస్తకాల్లో ముక్కలుగా ఉన్న ఆయన జీవితాన్ని ఏరి ఒకచోట చేర్చాను. చిన్న భూస్వామికి మూడో కొడుకు. ఏడేళ్ళప్పుడు ఇంకో దొర ఇంట్లో భోజనాల దగ్గర వడ్డించడానికి పంపేశారు. ఆ తర్వాత గుర్రాలు, కవచాలు చూసుకునే పని. స్కాట్లండు యుద్ధాల్లో నైట్, అంటే రాజు బిరుదిచ్చిన గుర్రపు వీరుడు, అయ్యాడు, శత్రువులకు చిక్కాడు, విడుదలై వచ్చి భూములున్న ఒక వితంతువును పెళ్ళాడాడు. చివరికి బేరన్‌గా, అంటే పెద్ద ప్రభువుగా, పార్లమెంటులో కూర్చున్నాడు.

క్రైస్ట్‌చర్చ్‌లో వారాంతాల్లో ఇనుప కవచాలు తొడుక్కుని కత్తులు తిప్పే క్లబ్బు ఒకటుంది. వాళ్ళకు ఈ కథ రాసి పంపితే, ఫిబ్రవరి మేళాలో ఆడతామన్నారు. నేను చదవాలి, వాళ్ళు నటించాలి. జెండా మాత్రం నేనే తేవాలి.

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు బస్సెక్కాను. రైలు కొన్నేళ్ళ క్రితమే ఆపేశారు కాబట్టి కారు లేనివాళ్ళకు బస్సే గతి. టికెట్ ముందుగా తీసుకుంటే చవక. కుడి వైపు కిటికీ అడగండి, డునెడిన్ దాటాక సముద్రం ఆ వైపే కనిపిస్తుంది. నా పక్కన పాలిటెక్నిక్‌లో చదివే వరంగల్ అబ్బాయి శ్రీకాంత్ కూర్చున్నాడు. నా కాగితాలు చూసి నవ్వాడు.

"గీ గిల్బర్ట్ మనకేమైతడక్కా? మన కాకతీయుల మీద రాయరాదు?"

"కాకతీయుల మీద రాయడానికి నువ్వున్నావుగా."

"నాకు అసైన్‌మెంట్లే అయితలేవు, ఇంగ కాకతీయులా!" అన్నాడు. నా పులిహోరలో సగం మాత్రం మొహమాటపడకుండా తిన్నాడు.

డునెడిన్‌లో బస్సు మారాలి. టిమరూలో టీకి ఆపారు. అక్కడ అమ్మే, మాంసం కూరిన పై రొట్టె వేడిగా ఉంటేనే తినండి. సాయంత్రానికి క్రైస్ట్‌చర్చ్ చేరి, రిక్కార్టన్‌లో సుగుణాంటీ ఇంట్లో దిగాను. ఆంటీది ఏలూరు. అక్కడ ముప్ఫయ్యేళ్ళు జాకెట్లు కుట్టి, నర్సుగా పనిచేసే కోడలితో ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు ఈ ఊళ్ళో తెలుగు ఆడవాళ్ళలో సగం మందికి ఆవిడ కుట్టిన జాకెట్టే కావాలి. జెండా పని ఫోన్లో ఆవిడకే అప్పగించాను.

చెప్పులు విప్పానో లేదో, ఆంటీ జెండా తెచ్చి సోఫా మీద పరిచింది. ఎర్ర పట్టు మీద మూడు తెల్ల కొంగలు, ఒక్కొక్క ఈకా విడిగా కుట్టి ఉంది. చివర రెండు పొడుగాటి తోకలు, వాటి చుట్టూ సన్నని జరీ అంచు.

"మన కొల్లేటి కొంగలే. తోకలకి పట్టిన టైము కొంగలకి కూడా పట్టలేదు, తెలుసా!" అంది ఆంటీ.

"చాలా బాగుంది ఆంటీ. రేపు ఆ తోకలు కోసేటప్పుడు..."

"ఏంటి కోసేది?"

ఫోన్లోనే అంతా వివరంగా చెప్పానన్నాను. "నువ్వు రాజుల కథ మొదలెట్టేసరికి కుక్కర్ కూసిందే. పొయ్యి దగ్గరికెళ్ళా," అంది.

అందుకని మళ్ళీ చెప్పాను. మామూలు నైట్‌ది తోకల జెండా. తన కింద ఇతర నైట్లను నడిపించే పెద్ద నైట్‌ది చదరపు జెండా. గిల్బర్ట్‌కు ఆ హోదా ఇచ్చిన రోజు, యుద్ధానికి ముందు, రాజు అతని జెండా అందుకుని తోకలు కోసి చదరం చేసి ఇచ్చాడు. ఆ కోతతోనే ఆయన పైకొచ్చాడు. అది లేకపోతే బేరనూ లేడు, నా నాటకమూ లేదు.

"ఆ రాజుకి కొత్త జెండా కుట్టించే స్తోమత లేదా?" అంది ఆంటీ.

పొద్దున్నే చవక గుడ్డ కొని అది కోద్దామన్నాను. అది ఇంకా పెద్ద పొరపాటైంది.

"నా కొంగల్ని పెట్టెలో పెట్టి ఆ పీలిక ఎగరేస్తావా? కోయడానికి వీల్లేదు. ఇక అన్నం తిను."

శనివారం వాయవ్యపు గాలి వేడిగా, ఈడ్చి కొడుతోంది. ఆంటీ జెండాను మడిచి తన హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకుంది. కోడలు షీబ మమ్మల్ని కారులో తీసుకెళ్ళి మైదానంలో దింపి డ్యూటీకి వెళ్ళిపోయింది. క్లబ్బులో రాజు వేషం గ్రాహంది. వృత్తికి ప్లంబరు, మంచి మనిషి. మా మొదటి సీను మధ్యాహ్నం రెండింటికి.

ఆంటీ కర్రకు జెండా కట్టనిచ్చింది. గాలికి కొంగలు రెక్కలు విప్పాయి. గుర్రాల దగ్గరున్న జనం కూడా ఇటు తిరిగి చూశారు. ఆంటీ మొహం వెలిగిపోయింది. సరిగ్గా అప్పుడే గ్రాహం కత్తి తీసి, దేనితో కోస్తాడో చూపించాడు.

ఆంటీ కత్తి అంచు మీద బొటనవేలు పెట్టి రుద్దింది. క్లబ్బు నియమం ప్రకారం కత్తులన్నీ మొద్దువే.

"దీంతో వంకాయ కూడా తెగదు," అంది తెలుగులో. తర్వాత అతనికి ఇంగ్లీషులో, "నో. యూ విల్ టేర్."

"ఎంతో జాగ్రత్తగా చేస్తానండీ," అన్నాడు గ్రాహం.

"చింపుతాడు. పట్టుని పీకుతాడు. పోగులన్నీ లేస్తాయి," అంది నాతో. జెండాకేసి, జనంకేసి చూసింది. "ఏమే, ఇది కోస్తే వాడు నిజంగా పెద్దవాడవుతాడా?"

"అవుతాడాంటీ. బేరన్ అవుతాడు."

"సరే, కర్ర నుంచి విప్పు."

మడత కుర్చీలో కూర్చుని, సూదీ దారం తీసి, తోకలు మొదలయ్యే చోట ఈ చివర నుంచి ఆ చివరకు దగ్గర దగ్గరగా రెండు వరసల కుట్టు వేసింది. కోత కుట్టుకు బయటగా పడితే పోగు లేవదట. నేను కత్తెర గ్రాహంకు ఇవ్వబోతే లాక్కుంది.

"గుడ్డ కత్తెర ఇంకో చేతికివ్వను. మా అత్తకే ఇవ్వలేదు."

అప్పుడు నా చదువు పనికొచ్చింది. రాజు తరఫున సేనాధిపతి కూడా తోకలు కోయవచ్చు. నేను ఆ మాట చెప్పగానే గ్రాహం తన నడుము పటకా విప్పి ఆంటీ భుజానికి తగిలించాడు.

రెండింటికి నేను చదవడం మొదలుపెట్టాను. గిల్బర్ట్ వడ్డించాడు, గుర్రాలు కడిగాడు, యుద్ధానికి వెళ్ళాడు, చిక్కాడు, విడుదలై పెళ్ళాడాడు. చివరకు జెండా పట్టుకుని రాజు ముందు మోకరిల్లాడు. రాజు వేలు చూపించగా, నీలం చీరలో ఇంగ్లండు సేనాధిపతి ముందుకు నడిచింది. ఆంటీ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది, పెదవులు కదిలాయి. తర్వాత కత్తెర ఒక్కసారి కూడా ఆగకుండా ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. చదరపు జెండా గాలిలోకి లేచింది. ఒక్క పోగు లేవలేదు.

చప్పట్లు పడుతుంటే, ఇంకా మోకాళ్ళ మీదే ఉన్న గిల్బర్ట్‌ను ఆంటీ రెక్క పట్టుకుని లేపింది. "లేరా నాయనా, ఇంక పెద్దాడివయ్యావు." అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, నేను రాసిన దానికంటే గంభీరంగా తలవంచాడు.

తోకలు రెండూ ఆంటీ బ్యాగులోకి వెళ్ళాయి. "ఎవరిదైనా జాకెట్టు చేతులకి వేస్తా," అంది.

ఆదివారం ఆంటీ వాళ్ళు చర్చికి బయల్దేరుతుంటే నేను తిరుగు బస్సెక్కాను. ఈసారి ఎడమ వైపు కూర్చున్నాను. జెండా క్లబ్బు దగ్గరే ఉంది, ఇకమీదట వాళ్ళ ప్రతి మేళాలోనూ అదే ముందు నడుస్తుందట. గిల్బర్ట్ తోకలు కోశారన్న సంగతి నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ ఒక్క వాక్యమే. ఆ ముందు రాత్రి ఆయన ఇంట్లో ఏం గొడవ జరిగి ఉంటుందో ఇప్పుడు నేను చెప్పగలను.

నాకోసం వేరే ఊళ్ళ నుంచి పుస్తకాలు తెప్పించిన లైబ్రేరియన్ మార్గరెట్‌కు, డ్యూటీ మార్చుకున్న లీలమ్మకు, దారంతా నవ్వించిన శ్రీకాంత్‌కు, కారులో దింపిన షీబకు, పటకా విప్పి ఇచ్చిన గ్రాహంకు నా కృతజ్ఞతలు. జెండా కోసినందుకూ, అంతకు ముందు కోయనివ్వనన్నందుకూ సుగుణాంటీకి రెండుసార్లు.