బట్టలారేసే పెరట్లో హాకీ

మా మేనత్త ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. పెళ్లికి ముందు హాకీ బాగా ఆడేదట. మోకాలు దెబ్బతిన్నాక కర్ర అటకెక్కింది. గొట్టాలు వేయడానికి మా బడి మైదానం తవ్వేసిన ఏడాది, ఆడపిల్లల జట్టుకు ఆడే చోటు లేకుండా పోయింది. మేం మెట్ల మీద కూర్చుని కబుర్లతో పొద్దుపుచ్చడం చూసి అత్త ప్రాణం ఉసూరుమంది. వెళ్లి లాండ్రీ సూపర్‌వైజర్ని పట్టుకుంది.

"సాయంత్రం బట్టలు తీసేశాక వెనక పెరడు ఖాళీయే కదండీ. పిల్లలు కాసేపు ఆడుకుంటారు."

"దుప్పటికి మచ్చ పడితే నా ఉద్యోగానికి ఎసరొస్తుందమ్మా," అన్నాడాయన. అంటూనే తాళంచెవి చేతిలో పెట్టాడు.

సిమెంటు నేల, మూడు వైపులా గోడలు. పరుగందుకునే లోపే గోడ ఎదురొచ్చేది. మా కెప్టెన్ మూతి ముడిచింది.

"ఇక్కడేం ఆడతాం ఆంటీ? కర్ర ఎత్తితే పక్కదాని పళ్లు రాలతాయి."

"మరి ఎత్తకు. బంతిని కర్రకే అంటిపెట్టుకో. తల మాత్రం పైకెత్తి చూడు."

అత్త బకెట్లతో గోల్ పెట్టి, ముగ్గురి మీదికి ముగ్గుర్ని వదిలింది.

నాకు ఉబ్బసం. పెద్ద మైదానంలో బంతిని అందుకునేలోపే ఆయాసం వచ్చేది. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లదే అక్కడ ఆట. పెరట్లో మాత్రం తప్పించుకుందామన్నా బంతి నా కాళ్ల దగ్గరికే వచ్చేది. ఆపాలి, తిప్పాలి, చటుక్కున ఎవరికో అందించాలి. కొన్ని వారాలకు నా చేతులు నా మాట వినసాగాయి.

పక్క బడి మైదానంలో వాళ్లతో పోటీ జరిగిన రోజున లాండ్రీ వాళ్లంతా పని ముగించుకుని వచ్చారు. ఒక గోల్ వెనకబడి ఉన్నాం. మైదానం అంచు గీత పక్కన ఇద్దరు నన్ను కమ్ముకున్నారు. భయం వేయలేదు, రోజూ మాకు దొరికే చోటు అంతే కదా. ఇద్దరి మధ్య సందులోంచి బంతిని జార్చి కెప్టెన్‌కి అందించాను. ఆమె గోల్ కొట్టింది. ఆట సమానంగా ముగిసింది. సూపర్‌వైజరు నా వీపు తట్టి, "ఊపిరి బాగానే ఆడుతోందా తల్లీ?" అని అడిగాడు. నాకు కళ్లు చెమర్చాయి.

తర్వాత మైదానం బాగుపడింది. పిల్లలకు ఆట నేర్పమని పెద్ద టీచరు అత్తనే పిలిచింది. అత్త మొదటి రోజే మైదానానికి అడ్డంగా తాళ్లు కట్టించి దాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టింది.

"ఇంత చోటు పెట్టుకుని ఇదేం పనమ్మా?" అంది టీచరు.

"అందరి కర్రకీ బంతి అందాలి కదండీ," అంది అత్త.

ఇప్పుడు నేనూ పిల్లలకు హాకీ నేర్పుతున్నాను. అదంతా మా అత్త చలవే.