మా నాయిన భర్పాయి, నా పెద్దరికం

ఎదుటి వకీలు నోరు విప్పకముందే మన కేసు మనమే ఎలా ఓడిపోవాలో నేర్చుకోవాలనుంటే నా దగ్గరికి రండి. ఒక్క ముక్కతో ఆ ఘనకార్యం చేసిన మొనగాణ్ణి నేను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. చివరికి తిట్టాలనిపిస్తే తిట్టండి, అదీ నాకు దక్కవలసిందే.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. షోలాపూర్‌లో భవాని పేట్‌ మాది. మరాఠీ బడిలో నాలుగు తరగతులు చదివానన్న పొగరుతో మగ్గం ముట్టుకునేవాణ్ణి కాదు. కొంతం చౌక్‌లో చాయ్ దుకాణమే నా కచేరీ. మిల్లులో దెబ్బ తగిలినవాళ్ళకు చట్టం ప్రకారం వచ్చే సొమ్మును మావాళ్ళు భర్పాయి అనేవారు. దాని సంగతి అడగాలంటే అందరూ నా దగ్గరికే వచ్చేవారు.

"మల్లేశం, వేలు తెగితే అర్జీ ఎన్నొద్దులల్ల పెట్టాలె?"

"ముందు చాయ్ చెప్పు, మల్ల చెప్త."

"ఎడమ బొటనేలే పోయింది. కాయితం మీద అంగూఠా ముద్ర ఎట్ల ఎయ్యాలె?"

"కుడిది ఉన్నది గదా! గంత తెల్వదా?"

బయట ఇంత పండితుణ్ణి. ఇంట్లో తినే రొట్టె మాత్రం మా తమ్ముడు నర్సయ్య మిల్లులో సంపాదించింది. నాయినకు చూపు పోయి, మగ్గం దిగి నాలుగేళ్ళయింది. మా ఇద్దరినీ వాడే సాకేవాడు. ఒక్కనాడూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఒక రోజు మిల్లులో యంత్రం బెల్టు వాణ్ణి లాక్కుపోయింది. పెళ్ళి కూడా కాలేదు వాడికి. ఈ ముక్క నవ్వుతూ చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.

నాయిన పేరున భర్పాయి అర్జీ నేనే రాశాను. తేలవలసింది ఒక్కటే: ఈ ముసలాయన పోయిన కొడుకు సంపాదన మీద బతికాడా, లేదా? బతికాడంటే సొమ్ము వస్తుంది. లేదంటే రాదు. వారం రోజులు నాయినకు పాఠం చెప్పాను.

"నిన్ను ఎవలు సాకిన్రని అడిగితే ఏమంటవ్ నాయినా?"

"నర్సిగాడు అంట. ఉన్నదే గదా బిడ్డా."

"గంతే. ఇంకో మాట అనకు!"

తమ్ముడు నాయినను సాకాడని చెప్పడానికి సాక్షిగా లచ్చయ్య మామను పిలుచుకున్నాను; నన్నూ వాడే సాకాడన్న ముక్క మాత్రం ఆయనకు చెప్పలేదు. ఆయన బిడ్డతోనే నా సంబంధం మాటల్లో ఉంది.

విచారణ రోజు తలకు పటకా చుట్టి, తమ్ముడి కోటు తొడుక్కుని పెళ్ళికొడుకులా తయారయ్యాను. భర్పాయి కేసులు తేల్చే సాహెబు నాయిన కళ్ళవైపు ఒకసారి చూసి, ఎందుకో నావైపు తిరిగాడు.

"పెద్ద కొడుకువి నువ్వేనా? ఇంటి ఖర్చు ఎవరు చూసేవారు?" అని మరాఠీలో అడిగాడు.

వెనకాల లచ్చయ్య మామ దగ్గాడు. అయ్యా, ఆ దగ్గే నా కొంప ముంచింది. పిల్లనిచ్చే మనిషి ముందు, తమ్ముడి తిండి తిన్నానని ఎలా చెప్పను? ఛాతీ దానంతటదే ఉబ్బింది.

"నేనే సాయెబ్! పెద్దోన్ని నేనుండంగ తమ్ముని పైసలెందుకు ముడ్తం? మా నాయినకు ఏ లోటు రానియ్యలే!"

ఒంటి మీద కోటు కూడా వాడిదే, చూసుకోండి.

నాయిన నా గొంతు వినిపించిన వైపు తల తిప్పి, "ఏందిరా మల్లేశం?" అన్నాడు. మిల్లు వకీలు కాగితాలు మూసేసి, తాము అడిగేదేమీ లేదన్నాడు. సాహెబు నా మాట రాసుకుంటుంటే అప్పుడు వెలిగింది నాకు.

"సాయెబ్, నోరు జారిన! మల్ల అడుగున్రి!"

"ముందు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

ఊరందరి ప్రశ్నలకూ జవాబు చెప్పే నేను తమ్ముడి కోటు బొత్తాలు తడుముకున్నాను. సొంత కొడుకే ఇలా చెప్పాక ఇంకో సాక్షి ఎందుకని మామను పిలవనేలేదు. అర్జీ కొట్టేశారు.

బయటికి రాగానే మామ అడిగాడు. "ఎందుకట్లన్నవ్ రా?"

"నన్ను గుడ తమ్ముడే సాకిండంటే పిల్లనియ్యవేమోనని, మామా."

ఆయన తల కొట్టుకున్నాడు.

"నాకు తెల్వదనుకున్నవా? నర్సిగాడే మా ఇంటికొచ్చిండు. 'అన్నకు పని కుదిరేదాక అందర్నీ నేనే సాకుత, పిల్లనియ్యి మామా' అని బతిమిలాడిండు. వాని మొకం చూసే ఒప్పుకున్న."

నాయిన అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. "భర్పాయి పోతే పాయె. వాడు సాకిండని పది మందిల ఒక్క మాట అనకపోతివి గదరా" అన్నాడు.

మర్నాటి నుంచి నాయిన రాట్నం ముందు కూర్చుని, తడుముకుంటూ కండెలు చుట్టాడు. నేను మగ్గం గుంటలోకి దిగాను. పిల్లనిస్తానని మామ మళ్ళీ అనలేదు, అడిగే మొహం నాకూ లేదు.

కాబట్టి మహాజనులారా, మగ్గం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ పెద్దరికం ఒలకబోయను. మా ఇల్లు ఎవలు నిలబెట్టిన్రని ఎవరడిగినా, మాట పూర్తికాకముందే "నర్సయ్య" అంటాను.

"వాడు పోయిండు గదా?" అంటారు.

"పోయిండు. అయినా వాడే. రాసుకోన్రి" అంటాను.