కనుబొమ్మలు పట్టించిన మాత్ర

1984. మద్రాసులో, పెరంబూరు రైల్వే వర్క్‌షాపుకు దగ్గర్లో ఒక ఫిజీషియన్ క్లినిక్‌లో నేను నర్సును. పేషెంట్లకు బీపీ చూసి, చీటీ మీద రాసి లోపలికి పంపడం నా పని. డాక్టరుగారికి ఓపిక ఎక్కువ, నాకు తక్కువ. అందుకే కాబోలు, ఇద్దరికీ అన్నేళ్లు పొసిగింది.

వర్క్‌షాపు ఫిట్టరు మునిరత్నం నాయుడుగారిది ఏ మందుకూ లొంగని బీపీ. చివరికి డాక్టరుగారు మినాక్సిడిల్ అనే మాత్ర రాశారు. అది ఇక్కడ సులువుగా దొరికేది కాదు. ఓడలో పనిచేసే నాయుడుగారి తమ్ముడు సింగపూరు నుంచి తెచ్చిచ్చేవాడు. దానికొక సైడ్ ఎఫెక్ట్, అంటే మనం అడక్కుండా మందు చేసే పని, ఉంది. ఒంటిమీద వెంట్రుకలు పెరుగుతాయి. కొన్ని నెలల్లో నాయుడుగారి కనుబొమ్మలు గొంగళిపురుగుల్లా తయారయ్యాయి. నేను ఆటపట్టిస్తే ఆయన నవ్వేవారు. బీపీ కూడా దారికొచ్చింది.

ఆ వానాకాలంలో బీపీ మళ్లీ పైకి పోయింది. మాత్రలు వేసుకుంటూనే ఉన్నానని ఆయన ఒట్టేసి చెప్పారు. డోస్ పెంచుదామని డాక్టరుగారు కలం తీశారు. నేను నాయుడుగారి మొహమే చూస్తున్నాను. కనుబొమ్మలు పలచబడ్డాయి. మందు లోపలికి పోతూంటే అవెందుకు తగ్గుతాయి? ఆ మాటే డాక్టరుగారి చెవిన వేశాను. ఆయన కలం మూసేసి, మాత్రల సంగతి ఆమెనే అడుగుదామని, రేపు ఇంటావిడను కూడా తీసుకురమ్మన్నారు.

ఆండాళమ్మగారు వచ్చారు. కాళ్లకు వాపు, చెంపల మీద నూగు. నాడి పట్టుకుంటే గుండె పరుగెత్తుతోంది. నాకు విషయం అర్థమై ఒళ్లు మండిపోయింది. పాపిట వెడల్పవుతోందని ఆమె ఏడాదిగా పెళ్లిళ్లకు వెళ్లడమే మానేశారట. అది చూడలేక నాయుడుగారు తన మాత్రల్లో సగం, బలానికని చెప్పి, ఆమెకు ఇస్తున్నారు.

"నాకు కనుబొమ్మల్లో వచ్చేది ఆమెకు తల్లో రాదా అనుకున్నా సిస్టర్," అన్నారు తలొంచుకుని.

నేనైతే కేకలేసేదాన్ని. డాక్టరుగారు కుర్చీ ఆమె వైపు జరుపుకుని నెమ్మదిగా చెప్పారు. ఇది జుట్టుకని ఇచ్చే మాత్ర కాదు. ఆయనకైతే ఒంట్లో నీరు తీసే మాత్ర, గుండె వేగం తగ్గించే మాత్ర తోడుగా ఇస్తున్నాం. అవి లేకుండా మింగితే గుండె చుట్టూ నీరు చేరవచ్చు. జుట్టు కొంచెం వస్తున్న మాట నిజమేనన్న సంగతి కూడా డాక్టరుగారు దాచలేదు. ఆ నిజాయితీకి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

"ఆయనకు మాత్ర కన్నా జబ్బు ప్రమాదం. మీకు జుట్టు రాలడం కన్నా మాత్ర ప్రమాదమమ్మా," అన్నారు చివరికి.

ఆమె చాలాసేపు పాపిట తడుముకుంటూ కూర్చున్నారు. కొత్త వెంట్రుకలు వేలికి తగులుతున్నాయేమో. తర్వాత భర్త వైపు తిరిగారు.

"మీ పానం పిండి నా తలకు నూనె రాస్తారా? ఈడే, నా ఎదురుగా మింగండి."

నీళ్ల గ్లాసు ఆమే అందించారు. ఆ రోజు నుంచి తాను ఒక్క మాత్ర ముట్టలేదు. వాపు తగ్గింది. వచ్చిన కాస్త జుట్టూ కొన్ని నెలల్లో రాలిపోయింది.

చీటీ మీద అంకె రాసే ముందు మనిషి మొహం చూడాలని, మాత్ర ఎవరి నోట్లోకి పోతోందో అడగాలని నాకు ఆ దంపతులే నేర్పారు.

మరుసటి ఏడు ఇద్దరూ ఎవరిదో పెళ్లి చూసుకుని నేరుగా క్లినిక్‌కు వచ్చారు. ఆమె పలచటి ముడిలో కనకాంబరాలు. నాయుడుగారి బీపీ దారిలో ఉంది. జుట్టు సంగతి నేనే నోరు జారి అడిగాను.

ఆండాళమ్మగారు భర్త వైపు గడ్డం ఎగరేశారు. "ఆయన కనుబొమ్మలు చూడండి సిస్టర్. నా జుట్టు ఆడ ఉండాది."